ఖాళీ డిస్కు: వెల, విలువ

మధ్య అండమాన్‌లోని రంగత్‌లో మేము ఉద్యోగరీత్యా గడిపినది 2006 నుండి 2009 వరకు. మేము అనగా ఒకే కార్యాలయంలో పనిచేసిన నలుగురు తెలుగువారము. ఆ కాలంలో ఉప్పు, పప్పుల తరువాత మేము ఎక్కువసార్లు కొన్న వస్తువు ఖాళీ సీడీ, డీవీడీలేనని చెబితే ఇప్పటి యువ సహోద్యోగులు నవ్వుకోవచ్చును. కనుక ముందుగా కారణం చెప్పవలసి ఉన్నది.

రంగత్ నుండి పోర్ట్ బ్లెయిర్‌కు రోడ్డు మార్గాన సుమారు 170 కిలోమీటర్లు. (ఆ నగరం పేరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా మారింది. మాకు అలవాటైన పేరునే ఇక్కడ వాడుతున్నాము.) దూరం స్వల్పమే. కానీ జరావా ఆదివాసుల రక్షిత అరణ్యం గుండా వాహనాలు వరుసకట్టి నిర్ణీత వేళలకే కదలాలి. రెండు చోట్ల ఫెర్రీ ఎక్కి జలసంధులు దాటాలి. హంఫ్రీ జలసంధిపై వంతెన అప్పటికి లేదు. ఒక చిన్న వస్తువు కొనుక్కొని రావడానికి రెండు రోజులు పోయేవి. ఇక సమాచార మార్గమంటారా, అది ఆకాశమే. చెన్నై నుండి సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ ప్రారంభమై రంగత్‌ను కూడా కలిపినది 2020 ఆగస్టు 10న. అంతవరకు ద్వీపాలన్నీ ఉపగ్రహం మీదనే ఆధారపడ్డాయి. ఒక ఛాయాచిత్రం దిగుమతి అయ్యేలోగా టీ కాచుకొని త్రాగి రావచ్చును. అందువలన పాట, సినిమా, పెళ్ళి, కంప్యూటరుకు కావలసిన సాఫ్ట్‌వేరు, అన్నీ బిళ్ళల రూపంలో బస్సులోనో, ఓడలోనో వచ్చేవి.

రంగత్ పరిసర గ్రామాల పేర్లు వింటే తెలుగువానికి ప్రాణం లేచివస్తుంది: శబరి, పర్ణశాల, పంచవటి, జనకపూర్, దశరథ్‌పూర్. తూర్పు బెంగాల్ నుండి వచ్చిన శరణార్థులు, రాంచీ శ్రామికులు, తమిళులు, మలయాళీలు, వారితోబాటు శ్రీకాకుళం, విశాఖ తీరాల నుండి వచ్చిన మన మత్స్యకారులు అక్కడ కలిసి నివసిస్తున్నారు. విశాఖ నుండి ఓడ వచ్చిన వారంలో మనవారి ఇళ్ళలో కొత్త సినిమా ఆడేది. దానికి నకలు, ఆ నకలుకు మరొక నకలు. ఖాళీ డిస్కుకు ఉన్న గిరాకీ మరి దేనికీ ఉండేది కాదు.

రంగత్ బజారులో అవి రెండు తరగతులుగా దొరికేవి. ఒకటి పేరున్న కంపెనీ డిస్కు, విడి పెట్టెలో, పద్దెనిమిది రూపాయలు. రెండవది దండగా గుచ్చిన యాభై డిస్కుల డబ్బా. అందులో నుండి విడిగా తీసి ఇస్తే ఆరు రూపాయలు. దుకాణదారుని సిద్ధాంతం ఒక్కటే: ‘సబ్ ఏక్ హీ హై, సాబ్.’ మాలో లెక్కల విభాగం మిత్రుడు దానితో వెంటనే ఏకీభవించాడు. మూడు కొటేషన్లు తెప్పించి అతి తక్కువ దానిని ఎన్నుకోవడం మన సంస్థలలో ధర్మశాస్త్రం వంటిది గదా! కార్యాలయపు నెలసరి బ్యాకప్‌కు కూడా ఆ డబ్బాయే వచ్చింది. సాంకేతిక విభాగం మిత్రుడు మాత్రం ఒప్పుకోలేదు. ఆ వాదం మూడేళ్ళు నడిచింది. ఈ వ్యాసం చాలా మట్టుకు ఆ వాదంలో నుండే పుట్టినది.

అసలు బిళ్ళలో ఏమున్నదో చూద్దాము. రికార్డు చేసే సీడీ అంటే 1.2 మిల్లీమీటర్ల మందం గల పాలీకార్బొనేట్ పలక. దాని వెనుక సేంద్రియ రంగు పూత, ఆ పైన కాంతిని తిప్పిపంపే సన్నని లోహపు పొర, ఆపైన లక్క వంటి పూత. లేజరు ఆ రంగును చోటుచోట కాల్చి గుర్తులు పెడుతుంది. అనగా మన సమాచారం సీడీలో అడుగున కాక పేరు వ్రాసే వైపుకే దగ్గరగా ఉన్నది. అడుగువైపు గీతలకు అందరూ భయపడతారు, పైవైపు బాల్‌పెన్నుతో గట్టిగా వ్రాస్తారు! డీవీడీ వేరు. అది 0.6 మిల్లీమీటర్ల పలకలు రెండింటిని అంటించినది, రంగు మధ్యలో ఉంటుంది. దాని ఆయువుపట్టు ఆ అంటు, ముఖ్యంగా అంచు.

రంగును బట్టి కొంత చెప్పవచ్చును. ముదురు నీలమైతే అజో, లేత బంగారు పచ్చదనమైతే థాలోసయనిన్, నీలి ఆకుపచ్చ అయితే సయనిన్ జాతి. వీటిలో థాలోసయనిన్ వెలుతురును బాగా తట్టుకుంటుందని పేరు. అయితే రంగు పేరు ఒక్కటే నాణ్యత కాదు; పూత సమంగా పడినదా, లక్క అంచు దాకా కప్పినదా అన్నది ముఖ్యం. డిస్కును దీపానికి అడ్డంగా పట్టి చూడండి. సూదిమొనంత వెలుగు చుక్కలు కనిపించాయా, లోహపు పొర అక్కడ లేదన్నమాట. అంచును వ్రేలితో తడిమి చూడండి. ఆరు రూపాయల డబ్బాలో కొన్నింటి అంచు గరుకుగా, కొన్నింటిది నున్నగా ఉండేది. ఒకే డబ్బాలో!

దానికి కారణం ఉన్నది. డబ్బా మీది పేరు ఒకరిది, తయారీ మరొకరిది. తైవాన్‌లోని సీఎంసీ మాగ్నెటిక్స్, రైటెక్, మన దేశంలోని మోజర్ బేర్ వంటి పెద్ద కర్మాగారాలు తమ పేరుతోనే గాక ఇతరుల పేర్లతోనూ డిస్కులు చేసి ఇచ్చేవి. 1983లో స్థాపితమైన మోజర్ బేర్ ఒక దశలో ప్రపంచంలోని పెద్ద తయారీదారులలో ఒకటి. సినిమా వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మి బజారును కుదిపినదీ ఆ సంస్థయే. ఖాళీ డిస్కులో తయారీదారుని సంకేతం ముందే ముద్రితమై ఉంటుంది. నీరో వంటి సాఫ్ట్‌వేరుతో దానిని చదువవచ్చును. మా మిత్రుడు అలా చదివి, పద్దెనిమిది రూపాయల డిస్కూ ఆరు రూపాయల డిస్కూ ఒక్కొక్కసారి ఒకే కర్మాగారపు బిడ్డలని చూపించాడు. లెక్కల మిత్రుడు ఆ సాయంత్రం అందరికీ సమోసాలు తెప్పించాడు. కానీ మరుసటి డబ్బాలో సంకేతం మారిపోయింది. పేరు అదే, ధర అదే, సరుకు వేరు. చౌక సరుకుతో వచ్చే చిక్కు ఇక్కడే: అది ప్రతిసారీ చెడ్డదని కాదు, రెండుసార్లు ఒకే తీరుగా ఉండదు.

డిస్కు తన చెడుగును దాచుకోగలదు. 1960లో రీడ్, సోలొమన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ప్రతిపాదించిన గణితపద్ధతి ఆధారంగా, ప్రతి డిస్కులోనూ సమాచారంతో బాటు దానిని సరిదిద్దే అదనపు అంకెలు కూడా ఉంటాయి. సీడీలో ట్రాకు వెంట రెండున్నర మిల్లీమీటర్ల మేర తుడుచుకుపోయినా యంత్రం తిరిగి కట్టుకోగలదు. అందుచేత వ్రాసిన రోజున మంచి డిస్కు, నాసి డిస్కు ఒకే విధంగా ఆడతాయి. లోపల దోషాల సంఖ్య మాత్రం వేరు. సీడీకి సెకనుకు 220 దోషపు ఖండాలు మించరాదని ప్రమాణం. ఇరవైతో మొదలైన డిస్కుకు, నూట ఎనభైతో మొదలైన డిస్కుకు వినేవానికి భేదం తెలియదు. కాలక్రమాన రెండింటిలోనూ దోషాలు పెరుగుతాయి. మొదటిది చాలాకాలం ఓర్చుకుంటుంది. రెండవది ఒకనాడు హఠాత్తుగా మొండికేస్తుంది. ‘నిన్నటిదాకా బాగానే ఆడింది’ అన్న మాట మేము రంగత్‌లో ఎన్ని ఇళ్ళలో విన్నామో!

రంగత్ వాతావరణం ఆ కాలాన్ని ఇంకా కుదిస్తుంది. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ 2003లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం డిస్కులను 4 నుండి 20 డిగ్రీల ఉష్ణోగ్రతలో, 20 నుండి 50 శాతం తేమలో ఉంచాలి. అండమాన్‌లో ఏడాది పొడవునా తేమ 80 శాతం దరిదాపుల్లో ఉంటుంది. ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం. బీరువాలో పెట్టిన తోలు చెప్పులకు వారంలో బూజు పట్టే ఊరు అది. మధ్య అమెరికాలోని బెలీజ్‌లో ఒక సీడీ పొరలను శిలీంధ్రం తినివేసినదని స్పెయిన్ శాస్త్రజ్ఞులు 2001లో ప్రకటించినప్పుడు లోకం వింతపడింది. రంగత్‌లో ఉన్నవానికి అందులో వింత ఏమీ తోచదు.

ఇక రంగత్ బే వైపు నివసించే ఒక మత్స్యకార కుటుంబం మాట. వారి పెద్దమ్మాయి శ్రీకాకుళం జిల్లాలో అమ్మమ్మగారింట పెరిగింది. 2007లో అక్కడే పెళ్ళి జరిగింది. ఇక్కడ అత్తగారు మంచాన ఉండడం వలన తల్లి ఓడ ఎక్కలేకపోయింది. తండ్రి వెళ్ళి వస్తూ పెళ్ళి డీవీడీ తెచ్చాడు. దాని మీద వధూవరుల బొమ్మతో గుండ్రని కాగితపు స్టిక్కరు, ‘శుభ వివాహం’ అన్న బంగారు అక్షరాలు. ఆ తల్లికి కూతురి పెళ్ళి అంటే ఆ బిళ్ళయే. ఆదివారం ఆదివారం వేసుకొని చూసేది. రెండు వానాకాలాలు గడిచాక దానిని చీర కొంగులో చుట్టుకొని మా క్వార్టరుకు వచ్చింది.

“బాబులూ, బిళ్ళ అద్దంనాగ మెరుస్తంది. గీత నేదు, మరక నేదు. మరి పిల్ల అత్తోరింటికెల్లే కాడికొచ్చేతలికి ఎందుకాగిపోతంది?”

“రెండు మూడు రోజులు మా దగ్గర ఉంచండి పిన్నమ్మా, చూస్తాము” అన్నాము.

ఆమె అడిగిన ‘ఎందుకు’కు సమాధానం ఉన్నది. డిస్కు మీద వ్రాత లోపలి వలయం నుండి మొదలై బయటి అంచున ముగుస్తుంది. పూత పలుచబడేదీ, అంటు విడేదీ, తేమ దూరేదీ అంచునే. రెండు గంటల పెళ్ళిని అంచు దాకా నింపితే, పందిరి రాట లోపల భద్రంగా ఉంటుంది, అప్పగింతలు అంచున పడతాయి. అంటించిన కాగితపు స్టిక్కరు తేమను పీల్చి బిళ్ళను వంచుతుంది. ఆ వంపు కూడా అంచుననే ఎక్కువ. సంకేతం చదివి చూశాము. మా బజారులోని ఆరు రూపాయల జాతిదే.

మూడు రాత్రులు కూర్చున్నాము. కొత్త ల్యాప్‌టాప్ ఆ డిస్కును అసలు గుర్తించలేదు. కార్యాలయంలో మూలనపడిన పాత డ్రైవు మాత్రం మూలుగుతూ చదివింది. చెడిన చోట ఆగక ముందుకు సాగే సాఫ్ట్‌వేరుతో దొరికినంత తీసుకున్నాము. చివరి పదకొండు నిమిషాలలో బొమ్మ గళ్ళుగళ్ళుగా విడిపోయింది. గొంతులు మాత్రం తెగుతూ అతుకుతూ వినవచ్చాయి. పెళ్ళి తీసిన వీడియోగ్రాఫరుకు ఫోను చేయించాము. ఆ టేపు మీద ఈపాటికి వేరే పెళ్ళిళ్ళు ఎక్కేశాయి. సంగతి చెప్పగా ఆమె, “బొమ్మ పోతే పోనాది, మా పిల్ల గొంతుందా?” అని అడిగింది. ఉన్నదన్నాము. బిళ్ళ ఖరీదు తెలుసుకొని కొంతసేపు మాట్లాడలేదు.

“పెళ్ళికి లచ్చ అయినాది బాబూ. ఫొటోలాయనకే ఎనిమిదేలిచ్చినాం. ఆరు రూపాయల బిళ్ళ మీదెట్టీనాడా!”

మరునాడు ఎండు చేపల పొట్లం పంపింది. ఖాళీ డిస్కు విలువను గురించి ఇంతకంటె సూటియైన లెక్క మా లెక్కల విభాగం మిత్రుడు కూడా వేయలేదని ఆయనే అంగీకరించాడు.

తరువాత మా కొనుగోలు పద్ధతి మారింది. సినిమాలకు, ఒకసారి చూసి పారవేసే వాటికి ఆరు రూపాయల డబ్బాయే. అక్కడ పద్దెనిమిది పెట్టడం దుబారా. నిలువ ఉండవలసిన వాటికి రెండు వేర్వేరు కర్మాగారాల డిస్కుల మీద రెండు నకళ్ళు, ఒకటి రంగత్‌లో, ఒకటి మెయిన్‌ల్యాండ్‌లో. అంచున పదోవంతు ఖాళీగా వదలడం, 16 రెట్ల డిస్కును 8 రెట్ల వేగంతో వ్రాయడం, వ్రాసిన డ్రైవులో కాక వేరొక డ్రైవులో, వీలైతే ఊళ్ళోకెల్లా అధ్వాన్నమైన దానిలో, మొదటి నుండి చివరి దాకా చదివించడం. చదివేటప్పుడు డ్రైవు చప్పుడు మాటిమాటికీ తగ్గి హెచ్చుతున్నదా, ఆ డిస్కు అక్కడక్కడ తడబడుతున్నట్లే. కార్యాలయపు కొటేషన్లలో కూడా ‘ప్రతి డబ్బా నుండి రెండు డిస్కులు వ్రాసి, వేరొక డ్రైవులో పూర్తిగా చదివించి స్వీకరించబడును’ అన్న ఒక్క వాక్యం చేర్పించాము. తక్కువ ధరవారే గెలిచారు, కానీ ఆ తడవ వచ్చిన సరుకు వేరు. ఆ వాక్యం వ్రాసినది లెక్కల మిత్రుడేనని ఇక్కడ చెప్పక తప్పదు.

ఇప్పుడు ఖాళీ డిస్కు కొనేవారు అరుదు. తైయో యూడెన్ 2015 చివరకు ఈ వ్యాపారం మానుకున్నది. మోజర్ బేర్‌ను మూసివేసి ఆస్తులు అమ్మవలసిందిగా 2018లో ఉత్తర్వు వచ్చింది. దుకాణాల వెనుక అరలలో మిగిలిన డబ్బాలు చౌకగా దొరికితే మురిసిపోవద్దు. వ్రాయని డిస్కులోని రంగు కూడా ముసలిదవుతుంది. పైన చెప్పిన మార్గదర్శకాలు దానికి ఐదు నుండి పదేళ్ళే ఆయువు వేశాయి. అంతకంటె తొందరపడవలసినది వ్రాసి బీరువాలలో దాచిన డిస్కుల విషయంలో. డ్రైవు ఉన్న కంప్యూటరు దొరకడమే కష్టమవుతున్నది. దొరికినప్పుడు ఫైళ్ళ పట్టిక తెరుచుకున్నదని తృప్తి పడకండి. పట్టిక ఉండేది లోపలి వలయంలో. చివరి ఫైలు దాకా పూర్తిగా నకలు తీసి చూడాలి.

పోయిన వేసవిలో విశాఖపట్నంలో మేము ఇద్దరము కలిసి మా రంగత్ పెట్టె తెరిచాము. ఖరీదైనవాటిలోనూ కొన్ని పోయాయి, డబ్బా సరుకులోనూ కొన్ని నిలిచాయి. పెళ్ళి నకలు తీసిన డిస్కు, మా దగ్గర ఉంచుకున్నది, చివరి దాకా చదివింది. ఆ పదకొండు నిమిషాలను విడిగా తీసి రంగత్‌కు, ఆమె మనవరాలి ఫోనుకు పంపాము. మేము టీ కప్పు క్రింద పెట్టేలోగా చేరినదని జవాబు వచ్చింది.