బయటపడ్డవాళ్ల సర్టిఫికెట్

మద్యం, మత్తుమందుల నుంచి తాము బయటపడి, ఆ అనుభవంతోనే ఇతరులకు తోడుండేవాళ్లను అమెరికాలో పీర్ సపోర్ట్ స్పెషలిస్టులంటారు. 1935లో మొదలైన, మద్యం మానాలనుకునేవాళ్ల సంఘం ఆల్కహాలిక్స్ అనానిమస్‌లో ఇలాంటి తోడు జీతం లేని సేవ. 1999లో జార్జియా రాష్ట్రం మానసిక ఆరోగ్య రంగంలో ఈ పనికి పేదల వైద్య పథకమైన మెడికెయిడ్ కింద చెల్లింపు మొదలుపెట్టింది. 2007లో ఫెడరల్ ప్రభుత్వం ఈ చెల్లింపు విషయంలో రాష్ట్రాలకు షరతులు పెట్టింది: పైన పర్యవేక్షణ ఉండాలి, సేవ చికిత్స ప్రణాళికలో భాగం కావాలి, శిక్షణ, సర్టిఫికెట్ తప్పనిసరి.

కాలిఫోర్నియా 2020లో ఎస్‌బీ 803 చట్టంతో ఈ దారికొచ్చింది. పద్దెనిమిదేళ్లు నిండి, హైస్కూల్ చదువు ఉండి, సొంత అనుభవాన్ని దాచుకోకుండా చెప్పగలవాళ్లు 80 గంటల శిక్షణ, పరీక్ష పూర్తిచేయాలి.

ఓక్లండ్‌లోని ఒక రికవరీ సెంటర్‌లో ఈ పని దగ్గరగా కనిపిస్తుంది. జైలు నుంచి వచ్చిన కుర్రాడు ఐడీ కార్డు దరఖాస్తు నింపుతూ చిరునామా దగ్గర పెన్ను ఆపేశాడు. పక్కనున్న నడివయసు స్త్రీ, "షెల్టర్ అడ్రస్ రాయి బాబూ, అప్పట్లో నేనూ అదే రాశాను" అంది. ఎంత చదివిన కౌన్సెలరైనా ఆ రెండో ముక్క అనలేడు. అతను వెళ్లాక ఆమె కంప్యూటర్ ముందు కూర్చుని పావుగంటల లెక్కన పని నమోదు చేసింది. బిల్లు నడిచేది అలాగే. "వాణ్ని వెతుక్కుంటూ బస్సులో తిరిగిన గంట ఇందులో ఎక్కడా లేదు" అని తోటి ఉద్యోగితో అంటుంటే వినిపించింది. కాలిఫోర్నియాలో 2023 చెల్లింపుల సంస్కరణ తర్వాత ప్రయాణానికీ, నోట్స్ రాయడానికీ విడిగా బిల్లు లేదు. ఆ ఖర్చు రేటులోనే కలిసి ఉంటుంది. రేటు చేరేది సంస్థకు, తిరిగే కాళ్లు మాత్రం ఆమెవి.

నియంత్రణ అవసరమే. నిస్సహాయ స్థితిలో ఉన్నవాళ్లను ఎవరూ వాడుకోకుండా నైతిక నియమావళి కాపాడుతుంది; సర్టిఫికెట్ వచ్చాకే ఈ పనికి గుర్తింపూ జీతమూ కుదురుకున్నాయి. కానీ అర్హతగా అడిగే గతమే పోలీసు రికార్డు రూపంలో ఉద్యోగానికి అడ్డుపడటం అన్యాయం. ఫెడరల్ సంస్థ సామ్‌సా 2023లో ఇచ్చిన నమూనా ప్రమాణాలు 40 నుంచి 60 గంటల శిక్షణ, 120 గంటల పర్యవేక్షిత పని సూచించాయి. పాత కేసుల తనిఖీని అడ్డుగోడగా మార్చొద్దన్నది వాటి సారం. అయితే అవి సలహాలే, పాటించడం రాష్ట్రాల ఇష్టం. ఒక రాష్ట్రంలో పొందిన సర్టిఫికెట్ పక్క రాష్ట్రంలో చెల్లుతుందన్న హామీ కూడా లేదు.