అంకెకు అంకె కలిపిన కేబుల్

2023 జూలై 27. ఆ ఉదయంతో ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడిందని తర్వాత విన్నాం. హనుమకొండలో మాకు అప్పటికి తెలిసిందల్లా నయీంనగర్ నాలా పొంగి వీధిలోకి వచ్చిందని, కరెంటు లేదని, ఫోన్లు పలకడం లేదని. హామ్ రేడియోనూ కారు బ్యాటరీనీ గ్యాస్ పొయ్యినీ మేడమీదికి చేరవేశాం.

కాజీపేటలోని తోటి హామ్‌తో మాట కలిసింది. ఆయన ఫోను పనిచేస్తోంది, మా కబుర్లు ఆయన అందించగలడు. కానీ మా ఇరుగుపొరుగు రాసిచ్చిన చీటీల నిండా ఫోన్ నంబర్లు, మందుల పేర్లు. రేడియో గరగరలో ఒకటి చదివితే ఇంకొకటి వినబడుతోంది. టైపు చేసి ప్యాకెట్‌లో పంపాలి. అందుకు ల్యాప్‌టాప్‌ను రేడియోకు కలిపే టీఎన్‌సీ డబ్బా ఉంది. దాని కేబుల్‌ను ఎలుకలు కొరికితే వానలకు ముందు కొత్తది కట్టించాను. స్ట్రెయిట్ కేబుల్ అడిగితే బజార్లో అంకెకు అంకె కలిపి ఇచ్చారు: 2కి 2, 3కి 3, 5కి 5.

ఇప్పుడు దాన్ని తగిలిస్తే స్క్రీన్ మీద ఒక్క అక్షరం లేదు.

నా పాత ల్యాప్‌టాప్‌కు 9 పిన్నులు, డబ్బాకు 25. 9 పిన్నుల దాంట్లో కంప్యూటర్ పంపేది 3 మీద, అందుకునేది 2 మీద. 25 పిన్నుల దాంట్లో ఇది తిరగబడుతుంది. గ్రౌండు ఇక్కడ 5, అక్కడ 7. అంటే 2ను 3కి, 3ను 2కి కలిపితేనే ఇక్కడ స్ట్రెయిట్. చూపుకు మాత్రం క్రాస్‌లా ఉంటుంది.

"2, 3 తిప్పితే క్రాస్ అయిపోతుంది, టీఎన్‌సీకి క్రాస్ పనికిరాదు, ఓవర్" అని కాజీపేట నుంచి ఒకటే పట్టు. స్ట్రెయిటా క్రాసా అన్న వాదనే దండగ, ఏ పిన్ను పంపుతోందో చూడాలి. కేబుల్ పీకి మీటర్ పెట్టాను. ఆర్‌ఎస్-232 అనే ఈ సీరియల్ పద్ధతిలో పంపే పిన్ను ఖాళీగా ఉన్నప్పుడు మైనస్ వోల్టుల్లో ఉంటుంది. ల్యాప్‌టాప్ 3 మైనస్. డబ్బా 3 కూడా మైనస్సే. పంపేదాన్ని తెచ్చి పంపేదానికే కట్టారు, గ్రౌండు అసలు కలవనేలేదు.

కరెంటు లేకుండా సోల్డరింగ్ ఎలా? లావుపాటి రాగి తీగను పటకారుతో పట్టుకుని గ్యాస్ మంటలో కాల్చాను. మా ఆవిడ టార్చి పట్టింది. తీగ పిన్ను దాకా వెళ్లేసరికే చల్లారిపోయేది, మళ్లీ మంటలో పెట్టడం. ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ కరిగి పిన్ను పక్కకు వాలింది. నా వేలూ కాలింది. ఆ వాలిన పిన్నును అగ్గిపుల్లతో నిలబెట్టి కేబుల్ గుచ్చాక, స్క్రీన్ మీద డబ్బా జవాబు 'సీఎండీ:' అని పడింది.

ఇన్సులిన్ చీటీ మొదట పంపాను. ల్యాప్‌టాప్ ఆగిపోయేసరికి ఇంకా కొన్ని మిగిలాయి. వాటిని నోటితోనే, ప్రతి అంకెనూ రెండుసార్లు చదివి చెప్పాను.