కాగితం

మా పాత మారుతీ కారుకి ఇన్సూరెన్స్ ఉంది. ఆ రోజు కాగితం మాత్రం ఇంట్లో ఉండిపోయింది. చౌరస్తాలో ఆపారు. అబ్బా గడ్డం చూశారు. అమ్మీ బురఖా చూశారు. తర్వాత ఇన్సూరెన్స్ అడిగారు. ఫోన్లో డిజిలాకర్ తెరిచి చూపించాం. 'ఒరిజినల్ కావాలి' అన్నారు. ఇన్సూరెన్స్ లేదని చలానా రాశారు.

'కట్టేద్దాం బేటా, పోలీసులతో మనకెందుకు?' అన్నారు అబ్బా. ఆ 'మనకెందుకు'లోనే మా బతుకులన్నీ ఉన్నాయి. తప్పు లేకపోయినా తలొంచుకోవడం మాకు తరాలుగా వంటబట్టింది.

ఈసారి కట్టలేదు. కోర్టుకెళ్లాం. 1988 మోటారు వాహనాల చట్టం 196వ సెక్షన్ శిక్ష వేసేది ఇన్సూరెన్స్ లేకుండా బండి నడిపితే. మా బండికి ఉంది. కేంద్ర నిబంధనల్లో 139వది 2018లో సవరించారు. ఫోన్లో చూపే పత్రమూ చెల్లుతుంది. ఇదే చెప్పాం. మేజిస్ట్రేట్ పాలసీ తేదీలు చూసి చలానా కొట్టేశారు.

బయటికొచ్చి అబ్బా ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, జేబులో ఎప్పుడూ ఉండే ఓటరు కార్డు పక్కన పెట్టుకున్నారు. గెలిచినా ఆయన భయం పోలేదు.

కారు సంగతి ఒక్క పూటలో తేలింది. మేం ఇక్కడివాళ్లమేనని ఏ కాగితం చూపాలి? ఎన్నిసార్లు చూపాలి?