మల్లిని పాము కరిచిన వారం: జగదల్‌పూర్ డైరీ పుటలు

2 ఆగస్టు 2024, శుక్రవారం, అర్ధరాత్రి దాటాక

నిద్ర పట్టడం లేదు. మా కుక్క మల్లి గుమ్మం దగ్గర గోనెసంచి మీద పడుకుని ఉంది. ఎగశ్వాస.

రాత్రి అన్నాలవేళ పెరట్లో కట్టెలమోపు దగ్గర ఒక్క అరుపు అరిచి, వచ్చి నా కాళ్ల దగ్గర పడింది. వాన, కరెంటు లేదు. టార్చి వేసి చూస్తే మూతికి కుడిపక్క రెండు గాట్లు. కాసేపట్లోనే వాపు ఎక్కి ఆ పక్క కన్ను మూసుకుపోయింది. చొంగలో ఎర్రటి చార.

మా ఆయన బండి తీశారు. మల్లిని దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను. ‘24 గంటలు’ అని బోర్డు పెట్టిన ప్రైవేటు పశువుల క్లినిక్కి వెళ్లాం. ముందు డబ్బు కట్టమన్నారు, కట్టాం. డాక్టరు కుర్చీలోంచి లేవలేదు. బల్లకి అవతల నుంచే చూసి, కందిరీగ కుట్టి ఉంటుందన్నాడు. రెండు గాట్లున్నాయి, దగ్గరకొచ్చి చూడండి అన్నాను. “పామును మీరు చూశారా?” అని అడిగాడు. లేదన్నాను. ఇక నా మాట వినలేదు.

ఎలర్జీకి ఎవిల్ ఒకటి, వాపుకి డెక్సా ఒకటి రాశాడు. సూదులు వేసింది కాంపౌండరు. సూది పొడిచిన చోట నేను దూది పెట్టి అదిమాను. తడిసిపోయింది. ఇంకో దూది అడిగి పెట్టాను, అదీ తడిసింది. సూది బెజ్జంలోంచి పావుగంటైనా రక్తం ఆగకపోవడమేమిటి? ఆ దూది తీసుకెళ్లి బల్లమీద పెట్టి చూపించాను. “పొద్దున తీసుకురండి” అన్నాడు. విషానికి మందు ఉందా అంటే, మనుషులకే చాలడం లేదు, కుక్కలకెక్కడ తెస్తామన్నాడు.

రాయ్‌పూర్ తీసుకుపోదామంటే 300 కిలోమీటర్లు, ఈ వానలో కేశ్‌కాల్ ఘాట్ దిగాలి. విశాఖపట్నం కూడా దగ్గర దగ్గర అంతే. తెల్లారడం కోసం చూస్తున్నాను.

3 ఆగస్టు, శనివారం, రాత్రి

తలుపులు తీయకముందే ప్రభుత్వ పశువైద్యశాల మెట్ల మీద కూర్చున్నాం. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మకి నిండా ముప్ఫై ఉండవు. వస్తూనే నేలమీద కూర్చుని మల్లి పెదవి ఎత్తి చిగుళ్లు చూశారు. రక్తం ఊరుతోంది. ఏమీ అడగకుండా ముందుకాలి నుంచి కాస్త రక్తం తీసి, కడిగి ఆరబెట్టిన గాజుసీసాలో పోసి కిటికీ గట్టుమీద పెట్టారు. “దీన్ని ఎవరూ కదపకండి, ఇరవై నిమిషాలు” అన్నారు. నేను గోడ గడియారం వంకే చూస్తూ నిలబడ్డాను. ఇరవై నిమిషాలయ్యాక సీసా వంచారు. మామూలుగానైతే ఈపాటికి గడ్డ కట్టి అడుగున నిలిచిపోవాలి. నీళ్లలా జారింది.

రక్తపింజర అన్నారు. దాని విషం రక్తంలో గడ్డకట్టించే పదార్థాలను ఖర్చు చేసేస్తుందట. అందుకే రాత్రి ఆ దూది తడుస్తూ పోయింది. ఎవిల్, డెక్సా వాపును కాస్త తగ్గిస్తే తగ్గిస్తాయేమో గాని విషాన్ని విరవలేవు. దానికి విరుగుడు సీరమ్ ఒక్కటే.

ఇక్కడ కుక్కలకని వేరే సీరమ్ దొరకదు. మనుషులకు వాడేదే. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజరి, ఈ నాలుగింటి విషాన్నీ కొద్దికొద్దిగా గుర్రాలకెక్కించి, వాటి రక్తంలోంచి తీస్తారు. ఆ విషంలో ఎక్కువ భాగం చెన్నై దగ్గర ఇరుల గిరిజనుల సహకార సంఘం ఇస్తుంది. ఆ సంఘం 1978లో మొదలైంది. ఆయన మందుల షాపులన్నీ తిరిగి దొరికినన్ని సీసాలు తెచ్చారు. పొడిలో నీళ్లు పోసి కుదపకుండా, అరచేతుల మధ్య నెమ్మదిగా తిప్పుతూ కరిగించారు డాక్టరమ్మ. మందు ఒంటికి పడకపోతే వెంటనే ఇవ్వడానికని అడ్రినలిన్ సిరంజిలో ఎక్కించి పక్కన పెట్టుకున్నారు. చిన్న కుక్క కదా, తక్కువ సరిపోతుందా అని అడిగాను. “మందు వేసేది పాము ఎంత విషం వదిలిందో దానికి, కుక్క బరువుకి కాదు” అన్నారు.

ఆరు గంటల తర్వాత మళ్లీ సీసా పరీక్ష. ఈసారి గడ్డ కట్టింది. సీసాను తలకిందులు చేసి నాకు చూపించారు. అక్కడే ఏడ్చేశాను.

4 ఆగస్టు, ఆదివారం, హరేలి అమావాస్య

దంతేశ్వరి గుడి ముందు పాట్ జాత్రా. బస్తర్ దసరాకి ఈరోజే మొదలు. ఊళ్లలో అమూస్ పండగ: నల్లజీడి కొమ్మలు పొలాల్లో పాతుతారు, వేర్లూ ఉప్పూ పశువుల చేత తినిపిస్తారు. పశువు రోగాన పడకుండా చూసుకోవడాన్ని పండగ చేసుకునే నేల ఇది.

మల్లి ఉచ్చ టీ డికాషన్ రంగులో ఉంది. కిడ్నీల మీద దెబ్బ పడి ఉండొచ్చన్నారు. సెలైన్ నడుస్తోంది.

‘మనుషులకే చాలడం లేదు’ అన్న మాట పొద్దున్నుంచీ బుర్రలో తిరుగుతోంది. అబద్ధం కాదు. మన దేశంలో పాముకాటుకి ఏటా సుమారు 58 వేల మంది పోతున్నారని అంచనా. 2030కల్లా చావుల్ని సగానికి తగ్గించాలని ఈ మార్చిలోనే కేంద్రం ఒక కార్యాచరణ ప్రణాళిక విడుదల చేసింది. మనుషుల ఆరోగ్యాన్నీ పశువుల ఆరోగ్యాన్నీ కలిపి చూడాలనే అందులో రాసుకున్నారు. సీరమ్ లేకపోవడం ఆ డాక్టరు తప్పని నేననను. గాజుసీసాకి ఏం కొరత? లేచి నాలుగడుగులు వేయడానికి ఏం కొరత? సీరమ్ మా దగ్గర లేదు, కానీ ఇది పాముకాటే, వెంటనే ఫలానా చోటికి పరుగెత్తండి అంటే ఆ రాత్రే మందుల షాపుల వెంట పడేవాళ్లం.

9 ఆగస్టు, శుక్రవారం

మల్లి గంజన్నం తింది. కిడ్నీల పరీక్షలో క్రియాటినిన్ దిగుతోంది గాని ఇంకా మామూలుకి రాలేదు. మూతి మీద చర్మం నల్లబడి ఊడుతోంది.

“బతికింది కదా, ఇక వదిలెయ్” అంటున్నారు ఆయన. మల్లి బతికింది రెండో డాక్టరు వల్ల. మొదటి చోట పోయిన రాత్రికి అది లెక్క తీర్చదు. రేపు ఇంకెవరి ఆవో మేకో ఆ బల్ల ముందుకే వస్తుంది. వాళ్లకి రాయ్‌పూర్ పోయే వీలు గాని, మందుల షాపులన్నీ తిరిగే బండి గాని ఉండవు.

పశుధన శాఖ జిల్లా ఆఫీసుకి ఉత్తరం రాశాను. ఎవరి మీదా ఫిర్యాదు కాదు. అడిగినవి రెండే: రాత్రిపూట చూస్తామని బోర్డు పెట్టిన ప్రతి చోటా పాముకాటు అనుమానమొస్తే ఇరవై నిమిషాల రక్తపరీక్ష తప్పనిసరి చేయండి, జిల్లాలో సీరమ్ రాత్రివేళ ఎక్కడ దొరుకుతుందో ఆ బోర్డు కిందే రాయించండి. సోమవారం రిజిస్టర్ పోస్టులో వేస్తాను.