మద్దెలకు రవ్వ

ఆడలేక మద్దెల ఓడన్న సామెతను తెలుగువాళ్ళం మనం ఎంత ధారాళంగా వాడతామో చెప్పనక్కరలేదు. పిల్లవాడు కలం బాగాలేదంటే ఆ సామెతే, కోడలు పొయ్యి మండటంలేదంటే ఆ సామెతే. కాని కచేరీకి ముందు మృదంగం వాయించే విద్వాంసుణ్ణి ఎప్పుడైనా గమనించారా? ఎడమవైపు మూతకు తడిపిన రవ్వ ముద్ద ఇంత అద్ది, తట్టి చూచుకుని, కాస్త గిల్లి తీసి, మళ్ళీ తట్టి చూచుకుంటాడు. నాదం కుదిరిందాకా ఆ పని మానడు. ఆయన్నెవరూ వాయించటం చేతకానివాడు అనరు. బరువు ఎక్కడ, ఎంత వుండాలో తెలిసినవాడంటారు.

గోల్ఫు కర్రలకు కూడా ఇటువంటి రవ్వ వున్నదని ఈమధ్యనే నాకు తెలిసింది. తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి గోల్ఫు గొడవ ఎందుకంటారా? న్యాయమైన ప్రశ్నే. మనవైపు ఆ ఆట చూడాలంటే గోల్కొండ దగ్గర నయా ఖిల్లాకో, విశాఖపట్నానికో పోవాలి. నేను రెండు వూళ్ళకూ పోయినవాణ్ణే గాని, ఆ పచ్చిక మీద కాలు పెట్టినవాణ్ణి కాను. ఇదంతా మా బావగారి మూలాన వచ్చిన పరిజ్ఞానం.

అక్కయ్యా బావగారూ అమెరికాలో ఫీనిక్స్ నగరంలో వుంటారు. ఎండల విషయంలో అది బెజవాడకు అన్నగారు. బావగారు ఇంజనీరు ఉద్యోగం చేసి రిటైరయ్యారు, వయస్సు 67. ఇరవై యేళ్ళుగా ప్రతి శనివారమూ తెల్లవారకముందే లేచి, ముగ్గురు స్నేహితులతో గోల్ఫుకు పోవటం ఆయనకు ఒక నోములాంటిది. కుడి భుజానికి ఆపరేషన్ జరిగిన తరువాత ఆ నోము చెడింది. భుజం నయమైంది గాని బంతి మాట వినటం మానేసింది. దూరం పోదు, పోయినంత మట్టుకూ ఎడమవైపుకే పోతుంది. నాలుగు వారాలు అవస్థపడి, సంచీని కారు షెడ్డులో ఒక మూలకు నెట్టేశారు. నిరుడు వేసవి సెలవుల్లో నేను వెళ్ళేటప్పటికి ఇదీ పరిస్థితి.

"ఆట మానేస్తే మానేశారు. మాటలు కూడా మానేశార్రా" అన్నది అక్కయ్య వంటింట్లో, గొంతు తగ్గించి.

వాళ్ళబ్బాయి కర్రలను కొలతకు తగ్గట్టు మార్పించుకోమని ఎప్పటినుంచో పోరుతున్నాడు. "తేలిక కర్రలు ముసలాళ్ళకోయ్. ఆడలేక మద్దెల ఓడనమంటావా?" అన్నారు బావగారు నాతో. అప్పుడు చెప్పాను ఆ మృదంగం సంగతి. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "కొలిపించుకోవటానికైతే వస్తాను. కొనటానికి మాత్రం కాదు" అన్నారు. ఇంజనీరు కదా, కొలత అంటే కాదనలేకపోయారు.

పాఠకులు గోల్ఫు ఆడకపోయినా రోకలి ఎత్తిన ఇళ్ళవాళ్ళే కనుక కొలత సంగతి సులభంగానే బోధపడుతుంది. రోకలిని నడిమికి పట్టుకుంటే ఒక బరువు, చివర పట్టుకుని ఎత్తితే ఇంకొక బరువు. రోకలి మారలేదు, పట్టిన చోటు మారింది. గోల్ఫు కర్ర కూడా అంతే. మొత్తం బరువు ఒకటి, ఊపేటప్పుడు చేతికి తెలిసే బరువు వేరొకటి. ఈ రెండవదాన్ని తూచటానికి 1920ల్లో రాబర్ట్ ఆడమ్స్ అనే అమెరికా దేశస్థుడు ఒక త్రాసు తయారుచేశాడు. పిడి చివరనుంచి 14 అంగుళాల దగ్గర ఆధారం వుంచి, కర్ర తలవైపుకు ఎంత మొగ్గుతుందో చూస్తారు. ఆ మొగ్గుకు అక్షరమూ అంకే కలిపిన గుర్తులున్నాయి. తలకు 2 గ్రాములు చేరిస్తే ఒక మెట్టు పెరుగుతుంది. కర్రను అర అంగుళం కోస్తే మూడు మెట్లు తగ్గుతుంది. సంచీలోని ఐరన్లు వరుసగా అర అంగుళం చొప్పున పొట్టివవుతూ వుంటే, తలలు సుమారు 7 గ్రాముల చొప్పున బరువెక్కటం ఇందుకే. ఏ కర్ర తీసినా చేతికి ఒక్కలాగే వుండాలన్నమాట.

ఈ విషయంలో బాబీ జోన్స్ అనే మహా ఆటగాడి గురించి ఒక కథ చెప్పుకుంటారు. 1930లో ఆనాటి నాలుగు పెద్ద పోటీలూ ఒకే సంవత్సరంలో గెలిచినవాడాయన. కర్రలను కేవలం చేతి అంచనాతోనే ఏరుకున్నాడట. తరువాత ఎప్పుడో వాటిని తూచి చూస్తే అన్నీ ఒక్క మొగ్గులోనే వున్నాయట, ఒక్కటి తప్ప. ఆ ఒక్క కర్రతోనే తనకెప్పుడూ ఇబ్బందని ఆయన అనేవాడట! అంతటి చెయ్యి అందరికీ వుండదు కనుక మనబోటివాళ్ళకు త్రాసు కావలసివచ్చింది.

ఇంకొక మహానుభావుడు కార్‌స్టన్ సోల్‌హైమ్. 1911లో నార్వేలో పుట్టి, అమెరికాకు వచ్చి, మొదట చెప్పులు కుట్టే పని చేసి, ఆ తరువాత ఇంజనీరైనాడు. నలభై దాటాక గోల్ఫు పట్టి, 1959లో పింగ్ అనే పేరుతో తన మొదటి కర్రను తెచ్చాడు. ఎవరి నిలుపుకు ఏ వాలు కర్ర తగునో రంగు చుక్కలతో గుర్తించే పద్ధతి 1972లో పెట్టాడు. పాదం కొలవకుండా చెప్పు కుట్టకూడదని తెలిసినవాడికి మనిషిని కొలవకుండా కర్ర ఇవ్వకూడదని తోచటంలో ఆశ్చర్యం లేదు.

మేము వెళ్ళిన దుకాణంలోని కుర్రవాడు ముందుగా కర్రల మాట ఎత్తలేదు. "నొప్పి ఎక్కడ?" అని అడిగాడు. మణికట్టునుంచి నేలకు ఎంత ఎత్తో కొలిచాడు. పాత ఐరన్ అడుగున ఒక పట్టీ అంటించి, గట్టి పలక మీద నిలబెట్టి కొట్టించాడు. పట్టీ మీద గీత కాడకు దగ్గరగా పడింది. అంటే తల మొన గాలిలోకి లేస్తున్నది; బంతి ఎడమకు పోవటానికి అదే కారణం. ఆపరేషన్ తరువాత బావగారు తనకు తెలియకుండానే చేతులు కిందికి దించి నిలబడుతున్నారు. వాలు 2 డిగ్రీలు తగ్గిస్తే సరిపోతుందన్నాడు.

ఆ తరువాత 120 గ్రాముల ఉక్కు కాడకు బదులు 75 గ్రాముల గ్రాఫైటు కాడ వున్న ఐరన్ చేతికిచ్చాడు. బావగారు నాలుగు బంతులు కొట్టి మొహం చిట్లించారు. "తేలిగ్గానే వుంది గాని తల ఎక్కడున్నదో తెలియటం లేదు" అన్నారు. కుర్రవాడు నవ్వి, తల వెనక వున్న చిన్న మరమేకు ఊడదీసి, దాని స్థానంలో 4 గ్రాములు ఎక్కువ వున్నది బిగించాడు. అది టంగ్‌స్టన్ లోహం. ఉక్కుకు దాదాపు రెండున్నర రెట్లు సాంద్రత గలది కనుక ఆ కాస్త చోటులోనే బరువు ఇముడుతుంది. 2004లో టేలర్‌మేడ్ కంపెనీ డ్రైవరు తలలో నాలుగు మరబరువులు పెట్టి అమ్మింది. ఇప్పుడు కొన్ని ఐరన్లకూ ఇటువంటి అమరిక వున్నది.

నేను అనుకున్నదేమిటంటే, వయస్సు మళ్ళినవారికి అన్నీ తేలికవి ఇవ్వటమే దయ అని. కాదని ఆ 4 గ్రాములు చెప్పాయి. మోసే బరువు తగ్గాలి, కాని చేతికి ఆధారంగా తెలిసే బరువు వుండాలి. మన ఇళ్ళలో పెద్దవాళ్ళ చేతిలోనుంచి ఒక్కొక్క పనే లాగేసుకుని, విశ్రాంతి అని పేరు పెడతాం. వాళ్ళకు తల ఎక్కడున్నదో తెలియకుండా పోతుంది.

తరువాత కొట్టిన పది బంతుల్లోనూ పాత దూరం రాలేదు. పది గజాలు తక్కువే. కాని అన్నీ ఎదురుగా, దగ్గర దగ్గరగా పడ్డాయి. కొనటానికి రానన్న మనిషి, డబ్బిచ్చేటప్పుడు నావైపు చూడలేదు.

ఆ శనివారం 18 గుంటలకు బదులు 9 మాత్రమే ఆడి వచ్చారు. మరలు తిప్పే సాధనం ఇంట్లోనే వదిలి వెళ్ళారు. ఆట మొదలుపెట్టాక కర్ర గుణం మార్చుకోకూడదని నియమం. వస్తూనే అక్కయ్యకు తొమ్మిది గుంటల కథా పూసగుచ్చినట్టు చెప్పటం మొదలుపెట్టారు. ఉప్మా చల్లారిపోతున్నా అక్కయ్య అడ్డురాలేదు.

మిగిలిన మరమేకుల డబ్బాను ఆవిడ మందుల అలమరలో దాచింది. బలం తగ్గినకొద్దీ ఏది తీసి ఏది బిగించాలో బావగారు కాగితం మీద రాసి అందులోనే పెట్టారు.

"ఇవన్నీ అయిపోయాక?" అన్నాను నేను, ఆగలేక.

"చేతికర్ర వుండనే వుందిగదోయ్" అన్నారు బావగారు. "దానికీ కొలత తీయించుకునే పుచ్చుకుంటాను."