చారలు పడిన నెమలి

ధర్మవరములో పట్టుచీర మగ్గముపై పుట్టుటకు ముందే గళ్లకాగితముపై పుట్టెడిది. కొంగులోని నెమలిని, అంచులోని మామిడిపిందెను ఆ గళ్లలో గీసి, గడిగడికిని లెక్కచూచి అట్టలకు రంధ్రములు పొడిచి, వానిని దండవలె కూర్చి జకార్డు యంత్రమునకు తగిలించెడివారు. రంధ్రమున్నచోట పడుగుపోగు పైకి లేచును, లేనిచోట లేవదు. ఫ్రాన్సు దేశమున జోసెఫ్ మేరీ జకార్డు 1804లో రూపొందించిన ఉపాయమిది. మరి ముప్పది యేండ్లకు ఇంగ్లండులో చార్లెస్ బాబేజి తాను తలపెట్టిన గణనయంత్రమునకు ఈ రంధ్రముల అట్టలనే వాడదలచెను. మగ్గమువద్ద పాఠము నేర్చిన ఆ యంత్రజాతియే నేడు మగ్గమునకు నమూనాలు గీసి యిచ్చుచున్నది. గళ్లకాగితమున్నచోట ఇప్పుడు కంప్యూటరు తెర వెలుగుచున్నది.

ఆ తెర చెడినచో నష్టము గీయువానితో ఆగదు. నమూనా లేనిదే అట్టలు లేవు. అట్టలు లేనిదే మగ్గమాడదు. మగ్గమాడనిదే నేతగానికి కూలి లేదు. అట్టి దుకాణము నడుపు ధర్మవరపు యువకుడొకడు, శ్రావణమాసపు పెండ్లి చీరలకు నమూనాలు సిద్ధపరచవలసిన వేసవిలో, తన తెరపై నెమలికి అడ్డచారలు పడుట చూచెను. కొంతసేపటికి తెర నల్లబడి, యంత్రము తనంత తానే ఆగి మరల మొదలయ్యెను. చూచినవారెల్లరు “గ్రాఫిక్ కార్డు పోయినది” అని తీర్పు చెప్పిరి. బొమ్మ చెడినప్పుడు బొమ్మను చూపు కార్డును నిందించుట సులభము. కాని కొత్త కార్డు కొనవలెనన్న అతని నెలల సంపాదన దానికే చెల్లును.

అతడు యంత్రమును గోనెసంచిలో చుట్టి, హిందూపురములో అనుభవజ్ఞుడైన మెకానిక్కు వద్దకు రైలులో తీసికొనిపోయెను. మెకానిక్కు పెట్టె విప్పకయే అడిగెను: “చారలెప్పుడు వచ్చును నాయనా? వెలిగించిన వెంటనేనా, పని బరువెక్కిన తరువాతనా?”

“బరువెక్కిన తరువాతనే అన్నా. చిన్న పనికి ఏమియు కాదు.”

సగము పరీక్ష ఆ ప్రశ్నలోనే ముగిసినది. పెనుకొండలో పెండ్లి ఫోటోలు కూర్చు ఒక స్టూడియో యంత్రమును అతడు అంతకుముందే చూచియుండెను. దానికి మీట నొక్కగానే, తొలి అక్షరములపైననే చారలు పడెడివి. కేబులు మార్చినను, మానిటరు మార్చినను పోలేదు. కార్డును వేరొక యంత్రములో అమర్చగా చారలు దానివెంటనే అచ్చటికి పోయినవి. అది నిజముగా కార్డు దోషమే. ధర్మవరపు యంత్రము నడత వేరు.

మెకానిక్కు మొదట కార్డును ఊడదీసి, ఫ్యానులో చిక్కిన దుమ్మును, పట్టునూగును తుడిచి మరల గట్టిగా అమర్చెను. దోషము పోలేదు, వేడియు మితిమీరలేదు. అంతట అతని చూపు ఎస్.ఎం.పి.ఎస్. వైపు మరలినది. గోడనుండి వచ్చు 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తును 12, 5, 3.3 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మార్చి అన్ని భాగములకు పంచు పెట్టె అది. మల్టీమీటరు పెట్టి చూడగా, ఊరకున్నప్పుడు 12 వోల్టులు సరిగా నుండెను. పని బరువెక్కగానే 11.1కు దిగెను. నూటికి అయిదు వంతుల తేడా వరకే నియమము ఒప్పును, అనగా 11.4కు తగ్గరాదు. క్షణములో వచ్చిపోవు ఒడుదుడుకులు మల్టీమీటరునకు అందవు గనుక, మార్చి చూచుటయే గట్టి పరీక్ష. తన వద్దనున్న మంచి సప్లై తగిలించి గంటసేపు బరువైన పని నడపెను. నెమలిపై ఒక్క చారయు పడలేదు. కార్డు నిర్దోషి!

కొత్తది ఎన్నుకొనుట మరియొక చిక్కు. దుకాణములో చవకపెట్టెపై 500 వాట్లని పెద్ద అక్షరములుండెను. ప్రక్కనున్న పట్టికలో 12 వోల్టులకు 18 ఆంపియర్లని చిన్న అక్షరములుండెను. 12ను 18చే గుణించిన 216 వాట్లే! ఆ కార్డుకు స్లాటునుండి 75, ఆరుపిన్నుల తీగనుండి 75 వాట్లవరకు కావలెను. ప్రాసెసరునకు 65, తక్కినవానికి 50 అనుకొన్నను మొత్తము 265. కొంత యెడముండవలెను. రెండవ పెట్టెపై 450 వాట్లే వ్రాసియున్నను, 12 వోల్టులకు 36 ఆంపియర్లు, అనగా 432 వాట్లు. పెద్ద అంకెగలది చిన్నది, చిన్న అంకెగలది పెద్దది!

ఆ రెండవదానిపై ‘80 ప్లస్ బ్రాంజ్’ అను ముద్రయుండెను. 2004లో అమెరికాలో మొదలైన 80 ప్లస్ ముద్ర, విద్యుత్తు వృథా తక్కువని చెప్పును. మన్నికకు హామీ కాదు. అందుకే మెకానిక్కు మరికొన్ని చూడుమనెను: 105 డిగ్రీల వేడికి తగిన కెపాసిటర్లున్నవా? వోల్టేజి మితిమీరినప్పుడు తానే ఆగు రక్షణయున్నదా? వారంటీ ఎన్ని సంవత్సరములు?

పాతదానిని విప్పి బాగుచేయుదునా యని యువకుడడుగగా, అతడు చేయి అడ్డముపెట్టెను. తీగ పెరికిన తరువాతను దాని కెపాసిటర్లలో ప్రాణము తీయగల విద్యుత్తు కొంతకాలము నిలిచియుండును.

450 వాట్ల పెట్టె ధర చవకదానికి రెట్టింపునకు దగ్గరగా నుండెను. యువకుడు మనసులో దానిని కొత్త కార్డు ధరతో పోల్చి చూచుకొని, రూపాయలు లెక్కించి యిచ్చి, సాయంకాలపు రైలునకు స్టేషనువైపు నడచెను.