పెనాంగ్ బుద్ధుడు, బల్కంపేట ఎల్లమ్మ

మొన్న సెలవులకి అమ్మని తీసుకుని మలేషియాలో పెనాంగ్ దీవికి వెళ్ళొచ్చా. బీచి నాకు, గుళ్ళు అమ్మకి అని ముందే ఒప్పందం :-) నాన్న పోయాక ఆవిడ ఇల్లు కదలడం ఇదే మొదలు.

మొదటిరోజు కెక్ లోక్ సి. కొండవాలు మీద పేద్ద చైనా గుడి. అక్కడి ఏడంతస్తుల పగోడా 1930లో పూర్తయింది. అడుగున చైనా పద్ధతి, మధ్యలో థాయ్, పైన బర్మా! ఇంకా పైకెళ్తే 30 మీటర్ల కంచు గ్వాన్‌యిన్ విగ్రహం. దయకి దేవత అని చెప్పా. "అమ్మవారే కదా" అని అమ్మ దణ్ణం పెట్టేసింది. నేను కెమెరా తీశా.

మర్నాడు జార్జ్‌టౌన్‌లో రోడ్డుకి ఇటు 1803 నాటి బర్మా గుడి, అటు 1845 నాటి థాయ్ గుడి. థాయ్ గుడిలో 33 మీటర్ల బుద్ధుడు పక్కకి ఒత్తిగిలి పడుకుని ఉంటాడు. "అది నిద్ర కాదమ్మా, మహాపరినిర్వాణం" అని గూగుల్ పాండిత్యం ఒలకబోశా.

"మన బల్కంపేట ఎల్లమ్మ కూడా పడుకునే ఉంటుంది కదరా" అంది.

నిజంగా నాకు తెలీదండీ. అమీర్‌పేటలో కోర్సులు చేసిన రోజుల్నుంచీ ఆ గుడి ముందు తిరుగుతున్నా. బోనాలప్పుడు ట్రాఫిక్ ఆగితే విసుక్కోవడమే తప్ప, పదడుగుల లోతున, బావిలో ఉన్న అమ్మవారిని ఏనాడూ చూడలేదు.

బుద్ధుడి వెనక్కి వెళ్తే గోడనిండా చిన్న చిన్న అరలు. వాటిలో పోయినవాళ్ళ చితాభస్మం, ముందు ఫోటోలు. అమ్మ ఒక్కో ఫోటో దగ్గరా ఆగింది. "వీళ్ళకి వచ్చి చూసుకోడానికి ఓ చోటుంది" అంది. నాన్న అస్థికలు మేం బాసరలో గోదావరిలో కలిపేశాం.

"ఈసారి బాసర వెళ్దామా?" అన్నా.

"బాసరెందుకురా... ఆదివారం ఆదివారం మీ నాన్న నన్ను బల్కంపేట తీసుకెళ్ళేవారు. ఆయన పోయాక మళ్ళీ వెళ్ళలేదు."

పంజగుట్టలో మా ఇంటినుంచి అక్కడికి బండిమీద పావుగంట. ఆవిడ అడగలేదు, నాకు తట్టలేదు. పెనాంగ్‌కి మాత్రం మూణ్ణెల్ల ముందే టికెట్లు కొన్నా!

తిరిగొచ్చాక మొదటి ఆదివారమే వెళ్ళాం. గుమ్మం దగ్గర అమ్మ చెప్పులు విప్పి, అలవాటుగా పక్కకి జరిపింది. "మీ నాన్న లోపలికొచ్చేవారు కాదురా. ఇక్కడే నిలబడి చెప్పులు చూస్తుండేవారు" అంది.

ఆవిడ్ని లోపలికి పంపి, అక్కడే నిలబడ్డా. ఎల్లమ్మని వచ్చే ఆదివారం చూస్తా.